ఉల్లి మీద సిలికాన్ జిగురు కొట్టి చూశాక

కర్నూలు వైపు ఉల్లి వేసేవాళ్లకి కొత్తగా చెప్పేదేం లేదు, ఎంత ఖరీదైన మందు కొట్టినా మైనం పూసినట్టుండే ఆ గొట్టపు ఆకు మీద చుక్కలు గోలీల్లా దొర్లి మొదట్లోకి జారిపోతాయి. ఇన్నాళ్లూ మేం బట్టల సబ్బు తురిమి కలిపేవాళ్లం. మా బోరు నీళ్లేమో ఉప్పన, సబ్బు పడగానే డ్రమ్ములో తెల్లటి తెట్టు, అది వెళ్లి నాజిల్లో ఇరుక్కోవడం, పొద్దంతా దాన్ని పిన్నీసుతో పొడుచుకుంటూ కూర్చోవడం.

ఈసారి మందుల కొట్టు అన్న సిలికాన్ స్ప్రెడర్ ఇచ్చాడు, అంటే మందు ఆకు మీద పరుచుకుని పట్టేలా కలిపే జిగురు. సీసా మీద నాన్ అయానిక్ అని ఉంది. అంటే నీళ్లలో కలిశాక దీనికి ప్లస్ ఛార్జూ ఉండదు, మైనస్ ఛార్జూ ఉండదు, అందుకే ఉప్పు నీళ్లలోని కాల్షియం, మెగ్నీషియంతో కలిసి తెట్టు కట్టదు. నమ్మకం లేక ముందు ఒక ఆకు కోసి చుక్క వేసి చూశా. ఉత్త నీటి చుక్క గుండ్రంగా కూర్చుంది, ఇది కలిపింది మాత్రం పడీ పడగానే తడిమరకలా పాకిపోయింది. నీళ్ల తలతన్యత, అంటే చుక్కని గుండ్రంగా పట్టి ఉంచే బిగువు, మీటరుకు 72 మిల్లీన్యూటన్ల దాకా ఉంటే ఈ రకం దాన్ని 22 దగ్గరికి దింపేస్తుంది మరి.

మోతాదు లీటరుకు అర మిల్లీ, 16 లీటర్ల ట్యాంకుకు 8 మి.లీ. అంతే. అయితే మూత మీద ఒక్క గీత లేదు, ఇక్కడే నాకు మండింది. మా తమ్ముడు అందాజాగా రెండు మూతలు ఒంపాడు, నురగ ట్యాంకు మీదుగా పొంగి వాడి వీపంతా తడిసింది, మందేమో ఆకు మీద ఆగకుండా నేలపాలైంది, నాలుగో రోజుకి ఆ సాళ్లలో ఆకు కొనలు మాడాయి. ఇప్పుడు సిరంజితో కొలుస్తున్నాం. నీళ్లు, మందు అన్నీ కలిపాక చివర్లో వేస్తే నురగ తగ్గుతుంది. నీళ్లు బాగా పులుపైనా, బాగా క్షారమైనా ఇది విరిగిపోతుంది కాబట్టి కలిపింది ఆ రోజే కొట్టేయాలి.

జిగురే కదా అని ఒట్టి చేత్తో ముట్టుకోకండి, చర్మం జిడ్డంతా లాగేసి మంట పుడుతుంది. ఒక చుక్క నా కంట్లో చిందింది, పావుగంట బోరు కింద కడిగితే గానీ తగ్గలేదు. చేపలకు చేటు, ట్యాంకు కాలవలో కడగొద్దు. పూత మీదున్న పైరు పక్కనుంటే తేనెటీగలు వెళ్లిపోయాక, సాయంత్రం కొట్టండి.

రెండో సీసా కూడా తెచ్చా. సిరంజి మాత్రం విడిగా కొనుక్కోవాలి.