పిల్లలతో బీచ్‌లో రాత్రి ఉండటానికి ఆ ‘నలుగురి వాటర్‌ప్రూఫ్ టెంట్’ కొనకండి

చలికాలం సెలవులు దగ్గర పడేసరికి ఈ టెంట్ల ప్రకటనలు ఫోన్ నిండా కనిపిస్తాయి. నీలమో నారింజో రంగు గుడ్డ, వెనక మంచుకొండలు, ముందు నవ్వుతున్న కుటుంబం. ‘నలుగురికి’, ‘వాటర్‌ప్రూఫ్’, ‘ఆటోమేటిక్’ అని మూడు మాటలు, 1500 నుంచి 2500 రూపాయల మధ్య ధర. అమ్మేవాళ్ల పేర్లు రకరకాలుగా ఉన్నా పెట్టెలో వచ్చే సరుకు దాదాపు ఒకటే. సూర్యలంకకో, వాడరేవుకో, భీమిలి వైపో రెండు మూడేళ్ల పిల్లల్ని తీసుకెళ్లి ఒక రాత్రి ఇసుకలో పడుకుందామనుకునేవాళ్లకి అది పనికిరాదు. పగలు నీడకైతే సరే. ఎందుకు పనికిరాదో, డబ్బులు వెనక్కి ఇచ్చే గడువు దాటకముందే ఇంట్లోనే ఎలా తేల్చుకోవాలో రాస్తున్నాం.

ముందు ఆ ‘నలుగురు’ లెక్క చూడండి. నేల కొలత 200 × 200 సెంటీమీటర్లు అని ఉంటుంది. అంటే మనిషికి 50 సెంటీమీటర్లు, రైలు బెర్తు కన్నా సన్నం. పొడవు 200 ఉన్నా గోడలు లోపలికి వాలి ఉంటాయి కాబట్టి ఐదడుగుల తొమ్మిది అంగుళాల మనిషి పడుకుంటే తలో కాళ్లో గుడ్డకి ఆనతాయి. ఇది ఒంటిపొర టెంట్. సముద్రం పక్కన గాలిలోనే తేమ ఎక్కువ, దానికి లోపలున్నవాళ్ల ఊపిరి తోడవుతుంది. తెల్లవారుజామున గుడ్డ చల్లబడగానే ఆ చెమ్మంతా లోపలివైపు నీటిచుక్కలై నిలుస్తుంది. చాలామంది దాన్ని చూసి టెంట్ కారుతోందనుకుంటారు, నిజానికి అది కారడం కాదు. కానీ నిద్రలో దొర్లే పిల్లలు చేరేది ఆ గోడ దగ్గరికే, తెల్లారేసరికి వాళ్ల దుప్పటీ స్వెట్టరూ తడిసిపోతాయి. ఈ సైజు ఇద్దరు పెద్దవాళ్లకీ ఒక పసివాడికీ సరిపోతుంది, అదీ కిటికీలు రెండువైపులా ఉంటేనే.

ఇక ‘వాటర్‌ప్రూఫ్’. ఆ మాటకి కొలత ఉంది, అమ్మేవాళ్లు రాయనిది అదే. గుడ్డ మీద గొట్టం నిలబెట్టి నీళ్లు పోస్తూ పోతే, ఎంత ఎత్తు నీళ్లకి కింద చుక్క దిగుతుందో ఆ మిల్లీమీటర్లే లెక్క. పైగుడ్డకి 1500, 2000 దాటి ఉంటే మామూలు వానకి ఆగుతుంది. నేలగుడ్డకి 3000 అయినా కావాలి, ఎందుకంటే మోకాలు ఆనించినా, కూర్చున్నా మన బరువే నీళ్లని పైకి నెడుతుంది. చవక టెంట్ల వివరాల్లో ఈ అంకె అసలు ఉండదు, ఉంటే 800 అనో 1000 అనో ఉంటుంది.

అంకె బాగున్నా మోసం కుట్లలో దొరుకుతుంది. మంచి టెంట్‌లో ప్రతి కుట్టు మీదా లోపలివైపు వేలి వెడల్పున పారదర్శకమైన టేపు అతికించి ఉంటుంది. ఈ టెంట్లలో అది ఉండదు, లేదా నడినెత్తిన ఒక్క కుట్టుకి వేసి వదిలేస్తారు. పరీక్ష తేలిక. రాత్రిపూట గదిలో లైటు ఆర్పి, ఒకరు టెంట్ లోపల కూర్చోండి, ఇంకొకరు బయటనుంచి ఫోన్ టార్చి కుట్టు వెంట నడిపించండి. సూది పడ్డ ప్రతిచోటా చుక్క చుక్కగా వెలుతురు కనిపిస్తే అక్కడ నీళ్లూ దిగుతాయి. తర్వాత పైగుడ్డని దోసిలిలా వంచి కుట్టు మీద ఒక గ్లాసు నీళ్లు పోసి పదిహేను నిమిషాలు ఆగండి. కింద పేపరు పరిస్తే తడి ఎక్కడ పడిందో స్పష్టంగా తెలుస్తుంది. దీన్నంతా వీడియో తీసిపెట్టుకోండి, తర్వాత పనికొస్తుంది.

పెట్టెలో వచ్చే మేకుల గురించి చెప్పాలంటే, అవి ఇసుక కోసం చేసినవే కావు. పెన్సిల్ కన్నా సన్నటి ఇనుప ఊచలు, 15 నుంచి 18 సెంటీమీటర్ల పొడవు, ఒక చివర వంకీ. గట్టి మట్టిలో పట్టు దొరుకుతుందేమో గానీ పొడి ఇసుకలో రేణువుకీ రేణువుకీ అతుకు లేదు, చిటికెనవేలితో లాగినా వచ్చేస్తాయి. మంచి టెంట్ కొన్నా ఈ ఇబ్బంది తప్పదు. కాబట్టి ఆరు చిన్న గుడ్డసంచులు తీసుకెళ్లండి, బియ్యం వచ్చే 5 కిలోల సంచులైతే భేషుగ్గా సరిపోతాయి. ఒక్కోదాన్నీ ఇసుకతో నింపి మూతి బిగించి, తాడు సంచి నడుముకి కట్టండి. మోచెయ్యి మునిగేంత లోతు, అంటే 40 సెంటీమీటర్లు తవ్వి, సంచిని అడ్డంగా పడుకోబెట్టి పూడ్చండి. మీద రెండు చెంబుల నీళ్లు పోసి తొక్కండి. తాడు టెంట్ నుంచి ఏటవాలుగా దిగాలి, నిటారుగా దిగితే సంచి పైకి లేస్తుంది. ఇక్కడే ఇంకో లోపం బయటపడుతుంది: పెట్టెలో ఇచ్చే తాళ్లు మీటరు, మీటరున్నర మించవు. రెండున్నర మీటర్ల నైలాన్ తాళ్లు నాలుగు విడిగా కొనుక్కోవాలి. సరుగుడు తోట పక్కన వేసుకుంటే తాళ్లు చెట్లకి కట్టుకోవచ్చు, కాకపోతే రాలిన సరుగుడు కాయలు గరుకుగా, ముళ్లలా ఉంటాయి. పలచటి నేలగుడ్డని చిల్లు పొడుస్తాయి. ఊడ్చి, కింద టార్పాలిన్ పట్టా పరిచాకే టెంట్ వెయ్యండి.

గాలి సంగతి కూడా కొనేముందే ఆలోచించాలి. మన తీరంలో చలికాలంలో సాయంత్రం గాలి సముద్రం మీద నుంచి వస్తుంది. హాయిగా ఉందని తలుపు అటువైపు పెట్టుకుంటారు. రాత్రి నేల చల్లబడ్డాక గాలి తిరుగుతుంది, ఒడ్డు మీద నుంచి సముద్రం వైపు వీస్తుంది. ఈ చవక టెంట్లలో తలుపు ఒకవైపే, వెనక గోడకి కిటికీ ఉండదు, తాడు కట్టే ఉచ్చులూ ఉండవు. తిరిగిన గాలి ఆ నున్నటి వెనక గోడని తెరచాపలా పొంగిస్తుంది. అప్పుడు లేచేది గాలి తగిలే ఆ వెనక మూలలే. వెనకవైపు కూడా కిటికీ, రెండు తాడు ఉచ్చులు ఉన్నదే కొనండి. ఫొటోలు ముందునుంచే పెడితే వెనక ఫొటో అడగండి, పంపకపోతే వదిలెయ్యండి.

పిల్లలున్న ఇళ్లకి అసలు ప్రమాదాలు వేరే ఉన్నాయి. సంచిలోంచి తియ్యగానే తెరుచుకునే రకంలో లోపల చుట్టచుట్టిన స్టీలు పట్టీ ఉంటుంది. సంచి విప్పిన మరుక్షణం అది చాచి కొడుతుంది, పిల్లలు రెండు మూడు మీటర్ల అవతల ఉండాలి. మడిచేటప్పుడు ఎనిమిది అంకెలా మెలితిప్పాలి. ఇంటి దగ్గర నాలుగైదుసార్లు చేసి అలవాటు చేసుకోకపోతే బీచ్‌లో ఎండలో, ఏడుస్తున్న బిడ్డని పక్కన పెట్టుకుని అది చేతికి రాదు. తాడు లాగితే లేచే గొడుగు రకంలో ఊచల మధ్య మోచేతిలా మడిచే కీళ్లుంటాయి. అవి టక్కున బిగుసుకునేటప్పుడు చిన్నవేళ్లు మధ్యలో ఉంటే నలిగిపోతాయి. నడినెత్తిన ఊచలన్నీ కలిసే ప్లాస్టిక్ ముక్క విరిగితే ఇక బాగుచెయ్యడం కుదరదు. ఫైబర్‌గ్లాస్ ఊచలు చీలినప్పుడు ఆ పీచు కంటికి కనపడదు గానీ చర్మంలో దిగుతుంది. ఊచని ఒట్టిచేత్తో కాకుండా గుడ్డతో ఒకసారి తుడిచి చూడండి, గుడ్డ పట్టుకుంటే ఆ టెంట్ వెనక్కి పంపెయ్యండి.

‘ఉచితం’ అని వేసే బుల్లి ఎల్‌ఈడీ లైట్లలో తరచు బొత్తాం బ్యాటరీలుంటాయి, మూత స్క్రూ లేకుండా గోటితో వస్తుంది. పిల్లలు ఒకటి మింగితే గంటల్లో గొంతులో పుండు పడుతుంది, అప్పుడు ఆలోచన లేకుండా ఆస్పత్రికే. ఆ లైటు పారెయ్యండి. గాలి పరుపు కూడా కలిపి ఇస్తుంటారు. ఏడాది నిండని బిడ్డని దానిమీద పడుకోబెట్టకండి, ముఖం పరుపు వంపులో కూరుకుపోతే ఊపిరాడదు.

ఇంకొకటి, దోమల చుట్ట (కాయిల్). టెంట్ లోపల వెలిగించకండి. పాలియెస్టర్ గుడ్డ ఒక్క నిప్పురవ్వకి కరిగి చర్మానికి అంటుకుంటుంది. స్టవ్వో బొగ్గుల కుంపటో లోపల పెడితే కార్బన్ మోనాక్సైడ్ నిండుతుంది, వాసన రాదు కాబట్టి నిద్రలో తెలియదు. ఈ టెంట్ల దోమతెర జల్లెడలా ఉండి, జిప్పు చివర వేలు పట్టేంత సందు వదులుతుంది. అందుకే జనం కాయిల్ వెలిగిస్తారు. జిప్పులో ఇసుక చేరితే అసలు కదలదు, రోజూ మంచినీళ్లతో కడగాల్సిందే. పొద్దున ఏడు దాటితే టెంట్ వేడెక్కుతుంది, నిద్రపోతున్నారు కదా అని పిల్లల్ని లోపల వదిలి వెళ్లకండి.

ఏది కొనాలంటే, రెండు పొరలున్నది, పై పొర నేలదాకా దిగేది, కుట్లకి టేపు ఉన్నది, వెనక కిటికీ ఉన్నది. నలుగురికి అని రాసి బరువు రెండు కిలోలంటే ఈ ధరలో అది కచ్చితంగా ఒంటిపొరదే. ఏడాదికి ఒక్కసారే వెళ్లేవాళ్లకి అద్దెకి తీసుకోవడమే నయం. రాత్రి ఒడ్డున ఉండనిస్తారో లేదో స్థానిక పోలీసుల దగ్గర ముందే కనుక్కోండి. అమావాస్య, పౌర్ణమి దగ్గర్లో పోటు ఎక్కువ. ఎండిన నాచు, గవ్వలు వరసగా పడి ఉన్న గీత కన్నా బాగా ఎగువన వేసుకోండి. అలల హెచ్చరికలు హైదరాబాద్‌లోని కేంద్రప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ ఇస్తుంది, బయల్దేరే రోజు చూసుకోండి.

ఇప్పటికే కొనేసినవాళ్లు పెట్టె పారెయ్యకండి. దాని మీద తయారీదారు లేదా దిగుమతిదారు చిరునామా, ఏ దేశంలో చేశారో, గరిష్ఠ ధర ఉండాలి. లేకపోతే అదే ఒక ఫిర్యాదు. డాబా మీద దుప్పటి పరిచి పరీక్ష చెయ్యండి, ఇసుక అంటితే ‘వాడేశారు’ అంటారు. ‘మార్చి ఇస్తాం, డబ్బులు ఇవ్వం’ అని పేజీలో రాసినంత మాత్రాన తగ్గిపోకండి. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం, ప్రకటనలో చెప్పినట్టు లేని వస్తువుని వెనక్కి తీసుకోనని అమ్మేవాడు అనకూడదు. ఫిర్యాదు అందిందని 48 గంటల్లో చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. అప్పటికీ కదలకపోతే 1915కి ఫోన్ చెయ్యండి, తెలుగులో మాట్లాడవచ్చు. ఆ పైన జిల్లా వినియోగదారుల కమిషన్. 5 లక్షల లోపు వస్తువుకి అక్కడ రుసుము లేదు, గడువు రెండేళ్లు. గ్లాసు నీళ్లు పోసిన వీడియో, ప్రకటన పేజీ స్క్రీన్‌షాట్, బిల్లు, ఈ మూడూ జతచెయ్యండి. స్క్రీన్‌షాట్ ఇవాళే తీసుకోండి, ఫిర్యాదు వెళ్లగానే పేజీలో ‘వాటర్‌ప్రూఫ్’ అన్న మాట మారిపోవచ్చు.