వికీ వ్యాసంలో మూలాలు: వాక్యం పక్కనా, అడుగునా, పొట్టిగానా?

తెలుగు వికీపీడియా వ్యాసం చివర "మూలాలు" అని శీర్షిక పెట్టి, కింద మూలాలజాబితా మూస (పేరు రాస్తే తయారుగా ఉన్న పాఠాన్ని తెచ్చి చూపే టెంప్లేటు) వేస్తే చాలు, జాబితా తయారైపోతుంది. దాన్ని ఏ పద్ధతిలో రాశారన్నది పాఠకుడికి పెద్దగా పట్టదు. ఆ తేడా తెలిసేది రేపు ఆ వ్యాసాన్ని దిద్దబోయే మనిషికి. ఆయన వైపు నుంచే చూద్దాం.

ఎక్కువమంది చేసేది వాక్యం పక్కనే రెఫ్ ట్యాగులో (మూలాన్ని చుట్టే <ref> గుర్తుల మధ్య) మూలం మొత్తం రాసెయ్యడం. విజువల్ ఎడిటర్‌లో, అంటే పేజీ కనిపించే రూపంలోనే దిద్దే పరికరంలో, లింకు అతికిస్తే శీర్షిక, సైటు పేరు చాలావరకు అవే వచ్చేస్తాయి. రచయిత పేరు, తేదీ మాత్రం సరిచూసుకోవాలి. వాక్యాన్ని ఇంకో విభాగంలోకి మారిస్తే మూలమూ వెంటే వెళ్తుంది. అసలు చిక్కంతా సోర్సు, అంటే ట్యాగులతో సహా కనిపించే ముడి పాఠం, తెరిచాకే. తెలుగు అక్షరాలున్న వెబ్ చిరునామాను కాపీ చేస్తే శాతం గుర్తులు, అంకెలు కలిసి బారెడు దిగుతుంది. "తెలుగు" అన్న ఒక్క మాటే అందులో 54 గుర్తులవుతుంది! అలాంటి లింకులు పేరాలో మూడుంటే వాక్యం ఎక్కడ ముగిసిందో వెతుక్కోవాల్సిందే.

దీనికి విరుగుడుగా కొందరు వ్యాసంలో మూలానికి తాము పెట్టిన చిన్న పేరు మాత్రమే ఉంచి, వివరాలన్నీ అడుగున జాబితాలో రాస్తారు. సోర్సు హాయిగా చదువుకోవచ్చు. కానీ ఒక్క విభాగాన్నే తెరిచి దిద్దేవాళ్ళకు ఆ వివరాలు కనబడవు. వాక్యం తీసేసి జాబితాలో మూలాన్ని వదిలేస్తే ఎర్రక్షరాల్లో లోపం వస్తుంది. పైగా వివరాలు మూస లోపల ఉంటే విజువల్ ఎడిటర్‌లో దిద్దలేం. నలుగురు చెయ్యి వేసే వ్యాసానికి ఈ పద్ధతిని నేను సిఫారసు చెయ్యను.

ఒకే పుస్తకంలోంచి పది పన్నెండు పేజీలు ఉదహరించాల్సి వస్తే పొట్టి మూలాలే మేలు. పుస్తకం వివరాలు ఒక్కసారి రాసి, వాక్యాల దగ్గర రచయిత, సంవత్సరం, పేజీ ఇస్తే చాలు. చరిత్ర వ్యాసాల్లో పేజీ సంఖ్య లేని మూలం సగం మూలమే, నాలుగు వందల పేజీల్లో ఎవరు వెతుకుతారు? తెలుగు పేర్లతో మాత్రం జాగ్రత్త. మన ఇంటిపేరు ముందుంటుంది, పిలిచేదేమో అసలు పేరుతో. సురవరం ప్రతాపరెడ్డి పుస్తకాన్ని ఒకరు "సురవరం" అని, ఇంకొకరు "ప్రతాపరెడ్డి" అని, మరొకరు "ప్రతాప రెడ్డి" అని విడదీసి రాస్తే పొట్టి మూలం నుంచి పుస్తకం వివరాలకు లింకు అతకదు. నొక్కితే ఎక్కడికీ వెళ్ళదు. పుస్తకం వివరాల్లో రచయిత పేరు ఎలా ఉందో, పొట్టి మూలంలోనూ ఖాళీతో సహా అలాగే ఉండాలి.

జాబితాను నిలువు వరసలుగా విడగొట్టే గొడవ చిన్నదే. మూలాలు పది దాటితే జాబితాను చూపించే రెఫరెన్సెస్ ట్యాగు తనంతట తానే వాటిని నిలువు వరసలుగా పేరుస్తుంది.

మామూలు వ్యాసానికి నా ఓటు మొదటి పద్ధతికే, ఒక్క సవరణతో. ఒకే మూలాన్ని మళ్ళీ వాడితే విజువల్ ఎడిటర్ దానికి "కోలన్ సున్నా" (:0) లాంటి పేరు పెడుతుంది. ఇంకో వ్యాసం నుంచి పేరా తెచ్చి కలిపితే అక్కడా అదే పేరుండి రెండూ ఢీకొంటాయి. సోర్సులోకి వెళ్ళి పత్రిక పేరు, తేదీ కలిపి అర్థమయ్యే పేరు పెట్టండి.