తీసేయాలా, ఆధారం అడిగి వదిలేయాలా?

నెల రోజుల్లో ఇదే ప్రశ్న నన్ను నలుగురు అడిగారు. ఇద్దరు డిగ్రీ పిల్లలు, ఒక రిటైరైన తెలుగు సారు, మా వీధిలో జిరాక్సు షాపు నడిపే తమ్ముడు. వికీపీడియాలో ఒక మనిషి పేజీ చదువుతుంటే మూలం లేని మాట తగిలింది. దాన్ని తీసేయాలా, పక్కన 'ఆధారం చూపాలి' అని మూస (వికీలో తయారుగా ఉండే చిన్న గుర్తు) తగిలించి వదిలేయాలా? నలుగురికీ నాలుగు రకాలుగా చెప్పినట్టున్నాను. అందుకే కడప ఎండలో బయటికి పోలేని ఈ మధ్యాహ్నం కూర్చుని ఒకచోట రాసిపెడుతున్నా.

మొదట్లో నేను పూర్తిగా మూస పక్షం. దానికి కారణం సిద్ధాంతం కాదు, కోపం. మా జిల్లా కవి ఒకాయన పేజీ నేనే మొదలుపెట్టాను. అందులో సగం సంగతులు మా పెద్దమామ భోజనాల దగ్గర చెప్పినవి. ఒక రాత్రి ఎవరో మూడు పేరాలు కొట్టేశారు. దిద్దుబాటు సారాంశంలో, అంటే మార్పు ఎందుకు చేశారో రాసే గడిలో, రెండే ముక్కలు: మూలాలు లేవు. మా ఊరాయన సంగతి మాకు తెలీదా, యాడో కూర్చున్న నీకు తెలుసా అని ఉడికిపోయాను. ఆరు నెలలు అటువైపే చూడలేదు.

కాబట్టి తీసేయడంలో ఉన్న నష్టం నాకెవరూ చెప్పనక్కర్లేదు. మాట పోవడం కాదు నష్టం, ఎందుకంటే మాట ఎక్కడికీ పోదు. పేజీ చరిత్రలో పాత కూర్పు అలాగే ఉంటుంది, మూలం దొరికిన రోజున ఒక్క నొక్కుతో వెనక్కి తెచ్చుకోవచ్చు. పోయేది రాసిన మనిషి. ఇంగ్లీషు వికీలో ఒకడు అలిగి వెళ్తే పదిమంది వస్తారు. తెలుగులో, అందులోనూ రాయలసీమ ఊళ్ల గురించి రాసేవాళ్లలో, ఒకడు వెళ్తే ఆ మండలం పేజీలు ఏళ్ల తరబడి అలాగే పడుంటాయి.

మూసలో ఉన్న మర్యాద అదే. 'నువ్వు అబద్ధం రాశావు' అని అనదు, 'చూపించు నాయనా' అంటుంది. మన దగ్గర మూలాలు లేక కాదు, అవి నెట్‌లో లేవు. సన్మాన సంచికలు, కాలేజీ మ్యాగజైన్లు, పుస్తకాల ముందుమాటలు, పాత పత్రికల జిల్లా పేజీలు ఇంకా బీరువాల్లోనే ఉన్నాయి. అచ్చులో ఉండి, పేరు, సంవత్సరం, పేజీ నంబరు చెప్పగలిగితే అదీ మూలమే. లింకు ఉండి తీరాలని ఏ నియమమూ లేదు, ఈ సంగతి చాలామంది కొత్తవాళ్లకు తెలియదు. కడపలో సి.పి. బ్రౌన్ గ్రంథాలయానికి ఒక పూట వెళ్లొస్తే తీరిపోయే తగాదాలు నేనే నాలుగైదు చూశాను. మూస పెడితే ఆ పూట వెళ్లడానికి ఎవరికైనా వ్యవధి దొరుకుతుంది.

ఇంతవరకూ చదివితే మూసే మేలు అనిపిస్తుంది కదా. నాకూ అలాగే అనిపించేది, ఒక రంగస్థల నటుడి పేజీ దాకా.

ఆయన అనంతపురం వైపు మనిషి, ఇప్పటికీ ఉన్నారు, పేరు వద్దు. పేజీలో ఆయన పుట్టిన సంవత్సరం ఎవరో రాశారు, మూలం లేదు. నాకు అనుమానం వచ్చి మూస తగిలించి నా పని అయిపోయిందనుకున్నా. రెండేళ్ల తర్వాత చూస్తే నా మూస లేదు. దాని స్థానంలో ఒక దినపత్రిక సన్మాన వార్త మూలంగా ఉంది. ఆ వార్త రాసిన విలేకరి సంవత్సరం ఎక్కడ తీసుకున్నాడో కనుక్కుంటే, వికీపీడియాలోనే. అంటే మా పేజీలోని తప్పు పేపర్‌కు పోయి, అచ్చయి, మూలం వేషం వేసుకుని మా పేజీకే తిరిగొచ్చింది. మూస పోయింది, తప్పుకు మాత్రం సర్టిఫికెట్ దొరికింది. ఆ పెద్దాయన నాకు ఫోన్ చేశాడు. "ఏం అబ్బయా, నన్ను ఐదేండ్లు ముసలోణ్ణి ఎందుకు చేసినారు?" అన్నాడు. నవ్వుతూనే అన్నాడు గానీ నాకు నవ్వు రాలేదు.

ఈ రెండు పద్ధతుల్లో ఏది మేలో తేల్చేది నా లెక్కలో ఇదొక్కటే: మూస వాక్యంతో పాటు ప్రయాణం చెయ్యదు. వికీ పేజీలో చిన్న అక్షరాల్లో 'ఆధారం చూపాలి' అని ఉంటుంది. ఫోన్‌లో చదివేవాడి కన్ను దాని మీద ఆగదు. వాట్సాప్‌లో కాపీ చేసేవాడు దాన్ని చెరిపేసి పంపుతాడు. పోటీ పరీక్షల మెటీరియల్ తయారుచేసేవాడు, యూట్యూబ్‌లో జీవిత చరిత్రలు చదివి వినిపించేవాడు, సంతాప వార్త హడావుడిగా రాసేవాడు, అందరూ వాక్యాన్నే తీసుకుపోతారు. మన అనుమానం పేజీలోనే ఉండిపోతుంది. తీసేసిన మాటకు ఈ బాధ లేదు. అది చరిత్రలో ఉంటుంది, కావాలని వెతికేవాడికే కనపడుతుంది.

పుట్టిన తేదీల దగ్గర ఇంకో చిక్కు, మనది. మా నాన్న తరంలో బళ్లో చేర్చేటప్పుడు అయ్యవారు వేసిన తేదీయే పుట్టినరోజు. జులై 1న పుట్టినవాళ్లు ప్రతి ఊళ్లో అంతమంది ఎందుకున్నారో మీకు తెలిసిందే. ఇంట్లోవాళ్లు చెప్పేదొకటి, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఉన్నదొకటి. ఇద్దరూ నిజాయితీగానే వాదిస్తారు, ఇద్దరూ మూలం చూపరు. ఇలాంటిచోట మూస పెట్టి కూర్చుంటే రోజుకొకరు వచ్చి తేదీ మారుస్తుంటారు. నియమం ప్రకారం ఆధారం చూపే భారం మాటను చేర్చినవాడిది, లేదా వెనక్కి తెచ్చినవాడిది. తీసేసినవాడిది కాదు. ఈ ఒక్క ముక్క గుర్తుంటే సగం పోట్లాటలు ఆగుతాయి.

బతికున్నవాళ్ల గురించి ఇంత పట్టుదల ఎందుకంటే దానికో కథ ఉంది. 2005లో అమెరికాలో జాన్ సీగెంథాలర్ అనే పాత్రికేయుడి పేజీలో ఎవడో తమాషాకి, కెనెడీ సోదరుల హత్యల్లో ఆయన మీద అనుమానం ఉండేదని రాశాడు. పచ్చి అబద్ధం. నాలుగు నెలలు అలాగే ఉంది. ఆ తర్వాతే ఇంగ్లీషు వికీలో జీవించి ఉన్న వ్యక్తుల మీద వేరే విధానం పుట్టింది: వివాదానికి తావిచ్చే మాటకు మూలం లేకపోతే, చర్చ కోసం ఆగకుండా వెంటనే తీసెయ్.

ఆ కథ మనకు దూరపుది అనిపిస్తే, సీమలోకి తెచ్చి చూడండి. ఒక నాయకుడి పేజీలో 'ఫలానా హత్య కేసులో ఇతని హస్తం ఉంది' అని ఒక లైను, పక్కన మర్యాదగా 'ఆధారం చూపాలి'. ఆ మర్యాద ఎవరికి పనికొస్తుంది? నిందితుడికీ దోషికీ తేడా చూడకుండా ఫ్యాక్షన్ అనే మాట అందరికీ అంటించే అలవాటు బయటివాళ్లకే కాదు, మనకూ ఉంది. అలాంటి లైను ఒక్క గంట ఉన్నా ఎక్కువే. మూస పెట్టడమంటే దాన్ని చూసి కూడా వదిలేసినట్టే. మరీ దారుణమైతే తీసేసి ఊరుకోకుండా, పాత కూర్పు కూడా కనపడకుండా దాచమని నిర్వాహకులను అడగాలి.

కులం సంగతీ అంతే. మన వికీ పేజీల్లో ఎక్కువసార్లు మారే మాట బహుశా అదేనేమో. బతికున్న మనిషి తన కులం ఇదని తానే చెప్పుకున్నట్టు ఆధారం ఉంటేనే ఇంగ్లీషు వికీలో రాయనిస్తారు. తెలుగులోనూ నేను అదే పాటిస్తా. మూస లేదు, చర్చ లేదు, తీసేయడమే.

పోయినవాళ్ల దగ్గరికొస్తే నా కత్తెర పదును తగ్గుతుంది. వందల ఏళ్ల కిందటి మనిషి పేజీలో ఒక మాట తప్పయితే ఆయన పెన్షన్ ఆగదు, కేసు పడదు. ఇక్కడ మూస మంచిదే, తొందరేం లేదు. కదిరి దగ్గర కటారుపల్లెలో సమాధి ఉన్న వేమన ఏ శతాబ్దం వాడో పండితులే ఇప్పటికీ ఒక మాట మీద లేరు. అక్కడ ఒకే సంవత్సరం రాసి మూస పెట్టడం కంటే, ఎవరు ఏమన్నారో వాళ్ల పేర్లతో రాయడమే సరైన పని. ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని 1847 ఫిబ్రవరి 22న కోయిలకుంట్లలో ఉరి తీశారన్నది ఎవరూ కాదనని తేదీ. ఆయన సాహసాల్లో చాలా భాగం పాటల్లో బతికింది. పాటలోది పాటలోదని చెప్పి రాస్తే దాన్ని కొట్టేసే హక్కు ఎవరికీ లేదు.

ఒక్కోసారి మాత్రం పాతవాళ్లే మేలనిపిస్తుంది. తాళ్ళపాక అన్నమయ్య పదహారో ఏట, శక సంవత్సరం 1346 క్రోధిలో సంకీర్తనలు మొదలుపెట్టి, శక 1424 దుందుభి ఫాల్గుణ బహుళ ద్వాదశి దాకా చెప్పాడని తిరుమల రాగిరేకు మీద చెక్కి ఉంది. మనం రాసుకునే 1408, 1503 ఆ లెక్కలోంచి వచ్చినవే. ఆరువందల ఏళ్ల కిందటి ఆయనకు రాగిరేకు మూలం ఉంది, మొన్న మొన్నటి నాటకాలాయనకు ఒక కరపత్రం దొరకదు.

మిగతా దారులూ ఉన్నాయి. ప్రతి పేజీకీ జతగా ఉండే చర్చ పేజీలో రాయడం మంచిదే గానీ తెలుగులో అక్కడ జవాబు వచ్చేసరికి పండగలు రెండు వెళ్తాయి. మీరే మూలం వెతికి పెట్టడం అన్నిటికంటే మంచిది, ఓపికుంటే. ఒకరు తీసేసేది ఇంకొకరు పెట్టేది, ఈ ఆట మాత్రం వద్దు. ఇంగ్లీషు వికీలో ఒకే పేజీలో ఎదుటివాళ్ల మార్పులను 24 గంటల్లో మూడుసార్లకు మించి రద్దు చేస్తే నిరోధం పడుతుంది, అంటే కొన్నాళ్లు రాయనివ్వరు, ఎక్కడైనా అది సిగ్గుచేటే.

ఇప్పుడు నేను చేసేది చెప్తా. మనిషి బతికున్నాడు, మాట అతనికి తగిలేది, మూలం లేదు, అప్పుడు తీసేస్తా. తీసేసిన వాక్యాన్ని అలాగే చర్చ పేజీలో పెట్టకుండా, రాసినాయన వాడుకరి చర్చకు, అంటే ఆయన సొంత చర్చ పేజీకి, పోయి నాలుగు లైన్లు రాస్తా: అన్నా, మీరు రాసిన పుట్టిన ఊరి సంగతి మంచిది, సన్మాన సంచిక ఏదైనా ఉంటే పేరు, పేజీ నంబరు చెప్పండి, నేనే తిరిగి పెడతా. ఆ రోజు నా మూడు పేరాలు కొట్టేసినాయన ఈ నాలుగు లైన్లు రాసి ఉంటే నేను ఆరు నెలలు పోయేవాణ్ణి కాదు. తీసేయడం తప్పు కాదు, మాట్లాడకుండా తీసేయడం తప్పు.

నటుడి పేజీలో ఆ సంవత్సరం తీసేశాను, పేపర్ మూలంతో సహా. ఎందుకు తీశానో చర్చలో రాశాను, ఎవరూ అడ్డు చెప్పలేదు. ప్రస్తుతానికి ఆయన 'అనంతపురం జిల్లాలో జన్మించాడు', అంతే. పెద్దాయనకు మళ్లీ ఫోన్ చేసి చెప్పాను. "అప్పుడు ముసలోణ్ణి చేస్తివి, ఇప్పుడు వయసే లేకుండా చేస్తివి" అన్నాడు. సర్టిఫికెట్ ఫోటో పంపుతానన్నాడు గానీ, అందులోనూ జులై 1 అంట.