నిరాశ్రయుల రాత్రి లెక్కింపు: కర్నూలులో చేయించుకున్న ఒక సర్వేపై సమీక్ష

మా స్వచ్ఛంద బృందం కోసం ఒక ప్రైవేటు సంస్థ కర్నూలులో జరిపిన నిరాశ్రయుల సర్వేలో నేను రెండు రాత్రులు వెంట నడిచాను. గణకులు మర్యాదస్తులు, నిద్రిస్తున్నవారి ముఖాన టార్చిలైటు వేయలేదు, పేరు చెప్పమని ఒత్తిడి చేయలేదు. అందుకు వారిని మనసారా మెచ్చుకుంటున్నాను.

లోపం ప్రణాళికలో ఉంది. 2011 జనగణనలో ఇళ్లు లేనివారిని ఫిబ్రవరి 28 రాత్రి ఒక్కసారిగా లెక్కించారు. దేశం మొత్తంలో దాదాపు 17.7 లక్షల మంది తేలారు. ఈ సంస్థ మాత్రం బస్టాండు, రైల్వేస్టేషను ఒక రాత్రి, కొండారెడ్డి బురుజు పరిసరాలు మరుసటి రాత్రి తిరిగింది. మొదటి రాత్రి ప్లాట్‌ఫారంపై మాతో మాట్లాడిన ముసలాయన రెండో రాత్రి బురుజు దగ్గర ఒక అరుగు మీద కనిపించాడు, మళ్లీ నమోదయ్యాడు.

అంతకంటే కష్టమైనది ఎవరిని నిరాశ్రయులుగా రాసుకోవాలన్న ప్రశ్న. ఆదోని, కోసిగి వైపు నుంచి మిరప కోతలకు గుంటూరు వెళ్తూ బస్టాండులో మూటలతో పడుకున్న కుటుంబాలకు ఊళ్లో ఇల్లుంది. పెద్దాసుపత్రి ఆవరణలో నిద్రించే రోగుల బంధువులకూ ఉంది. వారందరినీ రాసుకున్న గణకులు, భయం వల్ల మూసిన దుకాణాల వెనుక సందుల్లో ఒదిగి పడుకునే ఒంటరి స్త్రీలను ఒక్కరినీ చూడలేదు. వారి సంగతి నాకు తెల్లవారుజామున వీధులు ఊడ్చే ఒక పారిశుద్ధ్య కార్మికురాలు చెప్పింది. పట్టణాల్లో లక్ష జనాభాకు ఒక వసతి గృహం ఉండాలన్న నియమం అమలయ్యేటప్పుడు, స్త్రీలకు ఎన్ని మంచాలు కావాలో ఇలాంటి జాబితా ఎలా చెప్పగలదు?

5కి 2 నక్షత్రాలు ఇస్తున్నాను. ఆ కార్మికురాలిలాంటివారిని వెంటబెట్టుకుని, ఊరంతా ఒకే రాత్రి మళ్లీ లెక్కించాకే రెండో విడత సొమ్ము చెల్లించాలని మా బృందాన్ని కోరాను.