లిథాప్స్ ఆన్‌లైన్ ఆర్డర్: మొక్కలు బంగారం, వాటితో వచ్చే కార్డును మాత్రం నమ్మకండి

1811లో దక్షిణాఫ్రికాలో విలియం బర్చెల్ అనే ఆయన గులకరాయి అనుకుని చేతిలోకి తీసుకుంటే, తీరా చూస్తే మొక్కట. అచ్చం గులకరాళ్లలా ఉండే ఆ మొక్కలే లిథాప్స్. పార్శిల్ విప్పగానే నాకూ అలాగే అనిపించింది. వాటిలో లెస్లీఐ రకం రెండు, కరాస్మోంటానా రకం ఒకటి ఒక నర్సరీ నుంచి తెప్పించాను. ఒక్కోటీ బొటనవేలి గోరంత. విడివిడిగా టిష్యూలో చుట్టి, పేరు చీటీ పెట్టి పంపారు. వేళ్లు శుభ్రంగా, ఆరి ఉన్నాయి. పక్కల కాస్త ముడతలు పడ్డాయి కానీ కుండీలో పెట్టిన రెండు వారాలకే నిండుకున్నాయి.

కొనేముందు ఒక్కటే అడిగాను, విత్తనం నుంచి పెంచినవేనా అని. దక్షిణాఫ్రికా ఎడారుల్లో ఈ జాతి మొక్కల్ని తవ్వి దొంగతనంగా అమ్ముకుంటున్నారు, అలాంటిది నా ఇంట్లో ఉండకూడదు. నారు ట్రేల ఫొటోలు వెంటనే పంపారు. ఆ విషయంలో వాళ్లకి దణ్ణం పెట్టొచ్చు.

ఇక మొక్కలతో పాటు పెట్టిన కార్డు. 'వారానికోసారి నీళ్లు పోయండి' అని ఉంది. అలాగే పోశాను. చలికాలం చివర్లో మొక్కకుండే రెండు ఆకుల మధ్య చీలిక తెరుచుకుని లోపల కొత్త ఆకుల జత కనిపించింది. ఆ సమయంలో కొత్త ఆకులు పాతవాటిలోని నీటినే తాగి పెరుగుతాయి, పాతవి ఎండిపోవాలి. నేను పోసిన నీళ్లతో అవి ఎండలేదు. ఒకరోజు పొద్దున ఒక లెస్లీఐని ముట్టుకుంటే మెత్తగా వేలికి అంటుకుంది. ఆ రోజంతా మనసు బాగోలేదు.

మిగతా రెండింటికీ నీళ్లు పూర్తిగా ఆపేశాను. పాత ఆకులు ఉల్లిపొరలా పల్చబడి, కొత్త జత గట్టిగా బయటికొచ్చింది. ఎండలు తగ్గే కాలానికి కరాస్మోంటానా చీలికలోంచి మొగ్గ తొంగి చూసింది. మధ్యాహ్నం విచ్చుకుంది, తెల్లగా, మొక్కంతా కప్పేసేంత పువ్వు. సాయంత్రానికి ముడుచుకుంది. మర్నాడు మధ్యాహ్నం మళ్లీ విచ్చుకుంటుంటే పని ఆపి పక్కనే కూర్చున్నాను.

కార్డు సంగతి నర్సరీకి రాశాను, మారుస్తామన్నారు. పోయిన నెల మా చెల్లికి వచ్చిన పార్శిల్‌లోనూ అదే కార్డు. మొక్కలు నిశ్చింతగా కొనుక్కోండి, కొత్త ఆకులు కనిపిస్తే మాత్రం పాతవి ఎండేదాకా చుక్క నీరు పోయొద్దు. అయిదుకి మూడు స్టార్లు ఇస్తున్నాను.