గొంతు వినిపించని చోట రిచర్డ్ బర్టన్

వెల్ష్ నటుడు రిచర్డ్ బర్టన్ డైరీలు అచ్చులో ఉన్నాయని తెలిసి కొనుక్కునే పాఠకుడు పుస్తకం చేతికి రాగానే మొట్టమొదట వెతికేది 1962వ సంవత్సరాన్నే. రోమ్‌లో 'క్లియోపాత్రా' చిత్రీకరణ జరుగుతున్న రోజులవి. అప్పటికే ఎవరి సంసారం వారికున్న బర్టన్, తోటి నటి ఎలిజబెత్ టేలర్ ప్రేమలో పడ్డారన్న వార్త దేశదేశాల పత్రికలకెక్కి, చివరికి వాటికన్ వారపత్రిక కూడా ఆ వ్యవహారాన్ని తప్పుపట్టేదాకా వెళ్లింది. ఆ ఏడాదికి ఈ పుస్తకంలో ఒక్క పేజీ కూడా లేదు. 1960 నాటి కొద్దిపాటి రాతల తర్వాత డైరీ ఒక్కసారిగా 1965కు దూకుతుంది. రోమ్ గొడవ, 1964 మార్చిలో మాంట్రియల్‌లో జరిగిన పెళ్లి, ఆ ఏడాదే జాన్ గీల్‌గుడ్ దర్శకత్వంలో బ్రాడ్వేలో ఆడిన 'హామ్లెట్', అన్నీ ఆ ఖాళీలోనే కలిసిపోయాయి. ముందే చెప్పకపోతే కొన్నవారు మోసపోయామనుకుంటారు కనుక సమీక్షను ఇక్కడే మొదలుపెడుతున్నాను. లోకమంతా ఆయన గురించి మాట్లాడుకున్న ఏళ్లలో ఆయన డైరీ ముట్టుకోలేదు. ఎవరికీ పట్టని మామూలు రోజుల గురించి మాత్రం పేజీలకు పేజీలు రాసుకున్నాడు. నా దృష్టిలో ఈ పుస్తకం బలం ఆ మామూలు రోజుల్లోనే ఉంది.

యేల్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం 2012లో ఈ డైరీలను ఒకే సంపుటంగా వెలువరించింది. సంపాదకుడు క్రిస్ విలియమ్స్ చరిత్రకారుడు, అప్పట్లో స్వాన్సీ విశ్వవిద్యాలయంలో ఆచార్యుడు. బర్టన్ చివరి భార్య శాలీ ఆయన కాగితాలన్నింటినీ ఆ విశ్వవిద్యాలయానికే అప్పగించింది. అంతకుముందు 1988లో మెల్విన్ బ్రాగ్ రాసిన జీవితచరిత్రలో ఈ డైరీల నుంచి కొన్ని భాగాలు వచ్చాయి గానీ, అవి జీవితకథకుడు తన కథకు పనికొచ్చేలా ఏరుకున్న తునకలు. ఇక్కడ తేదీల వరుసలోనే, సుమారు ఏడు వందల పేజీల్లో, మనిషి కనిపిస్తాడు. ఒడిలో పెట్టుకుని చదవడానికి బరువైన పుస్తకమే. బల్ల మీద పెట్టుకుని, రోజుకు ఒక నెల చొప్పున చదవడం మేలు.

తొలి డైరీ 1939, 1940 నాటిది. రాసింది పధ్నాలుగేళ్ల కుర్రవాడు, అప్పటికి అతని పేరు రిచర్డ్ జెంకిన్స్. సౌత్ వేల్స్‌లోని పాంట్రిడివెన్ అనే ఊళ్లో ఒక బొగ్గుగని కార్మికుడి పదమూడు మంది సంతానంలో పన్నెండోవాడు. రెండేళ్లు నిండే లోపే తల్లి చనిపోతే, పోర్ట్ టాల్బట్‌లో కాపురముంటున్న పెద్దక్క సిస్ తీసుకెళ్లి పెంచింది. ఇంట్లో వెల్ష్, బడిలో ఇంగ్లిష్. ఆ పిల్లవాడు డైరీ రాసుకున్నది బడి భాషలో అన్నది నన్ను కాసేపు ఆపిన విషయం. అందులో ఉన్నవి బడి సంగతులు, ఆటలు, చూసిన సినిమాలు, ఇంటి పనులు. అన్నీ ఒకటి రెండు వాక్యాల్లో, ఏ అలంకారమూ లేకుండా. ముందు ముందు ఇంత పేరు తెచ్చుకోబోయే మనిషి రాత అని తెలియకపోతే ఎవరూ రెండో పేజీ తిప్పరు. అయినా సంపాదకుడు దాన్ని వదిలేయకపోవడం మంచిదయింది. తరువాతి సంవత్సరాల్లో వచ్చే పొడవాటి, గడుసు వాక్యాలను చదువుతున్నప్పుడు ఈ పొడి మాటలు గుర్తొస్తాయి. ఆ గొంతు, ఆ భాష, ఆ ధీమా అన్నీ కష్టపడి నేర్చుకున్నవని అప్పుడు అర్థమవుతుంది.

నేర్పినవాడు ఫిలిప్ బర్టన్ అనే బడిపంతులు. కొండ మీదికి తీసుకెళ్లి, తాను దూరంగా నిలబడి, అరవకుండానే మాట స్పష్టంగా వినపడేదాకా షేక్‌స్పియర్‌ను చెప్పించేవాడట. 1943లో కుర్రవాణ్ని దత్తత తీసుకోబోతే, ఇద్దరి మధ్య చట్టం కోరిన ఇరవై ఒక్క ఏళ్ల తేడాకు ఇరవై రోజులు తక్కువ పడ్డాయి. చివరికి సంరక్షకుడిగా మాత్రమే నిలిచాడు. ఇంటిపేరు మాత్రం ఇచ్చాడు. ఆ సంవత్సరాల డైరీ లేదు కనుక ఈ కథంతా సంపాదకుడి పీఠికలో చదువుకోవాలి. పీఠికలు దాటేసే అలవాటున్నవారు కూడా దీన్ని దాటవేయకూడదు. అది లేకపోతే 1960ల డైరీలో వెల్ష్ మాటలు, అక్కలు, అన్నలు, సొంత ఊరి రగ్బీ ఆట మాటిమాటికీ ఎందుకొస్తున్నాయో పట్టుబడదు.

పుస్తకంలో అధిక భాగం 1965 నుంచి 1972 మార్చి వరకు రాసినది. అప్పటికి బర్టన్‌కు డబ్బుకూ కీర్తికీ లోటు లేదు. పన్నుల బాధ తప్పించుకోవడానికి 1957లోనే స్విట్జర్లాండ్‌లోని సెలిన్యీకి మకాం మార్చాడు. పిల్లలు కేట్, లీజా, మారియాల పేర్ల ముక్కలు కలిపి 'కలిజ్మా' అని పేరు పెట్టిన నౌక ఉంది. సొంత విమానం ఉంది. ఇన్ని ఉన్న మనిషి చాలా రోజులు చేసిన పని టైపురైటర్ ముందు కూర్చోవడం. డైరీలో ఈ భాగం చాలావరకు అలా టైపు చేసినదే. ఏం తిన్నాడో, ఎంత తాగాడో, ఎవరితో కొట్లాడాడో రాస్తాడు. అన్నింటికన్నా ఎక్కువగా ఏం చదివాడో రాస్తాడు. చరిత్ర, కవిత్వం, జీవితచరిత్రలు, చవకబారు డిటెక్టివ్ నవలలు, ఏది దొరికితే అది. రోజుకో పుస్తకం పూర్తిచేసిన వారాలున్నాయి. చదివినదాని మీద నిర్దాక్షిణ్యంగా తీర్పు చెబుతాడు, ఆ తీర్పులో తన రాత మీద అసంతృప్తి కూడా కలిసి ఉంటుంది. రచయిత కావాలన్న కోరిక ఆయన్ని జీవితాంతం వేధించింది. నటన గురించి మాత్రం ఎక్కువగా విసుగే: వేషం, ఎదురుచూపు, మళ్లీ అదే మాట మళ్లీ అదే మాట. ఏడుసార్లు ఆస్కార్‌కు నామినేట్ అయి ఒక్కసారీ అందుకోని నటుడు తన వృత్తిని ఇలా చులకన చేయడంలో నిజమెంత, అందని ద్రాక్ష ఎంత అన్నది పాఠకుడు తేల్చుకోవాలి. రెండూ ఉన్నాయని నా అనుమానం.

నటన మెళకువలు నేర్చుకుందామని ఈ పుస్తకం తెరిచే రంగస్థల విద్యార్థికి కాబట్టి నిరాశే మిగులుతుంది. ఒక పాత్రను ఎలా పట్టుకున్నాడో, ఒక వాక్యాన్ని ఎక్కడ విరిచాడో చెప్పే చోట్లు చాలా తక్కువ. 1954లో బీబీసీ రేడియోలో వెల్ష్ కవి డిలన్ థామస్ నాటకం 'అండర్ మిల్క్ వుడ్'కు ప్రధాన కథకుడిగా వినిపించిన ఆ గొంతును విన్నవారు, అంత గొంతున్న మనిషి దాని గురించి ఇంత తక్కువ రాశాడేమిటా అని ఆశ్చర్యపోతారు. దానికి బదులుగా దొరికేది వినే చెవి. తోటివారి మాటతీరును, పార్టీలో ఒకరు అబద్ధమాడుతూ తడబడిన క్షణాన్ని, వెయిటర్ నడకను ఆయన రెండు వాక్యాల్లో పట్టేస్తాడు. నటుడిగా దాచుకున్న సరుకంతా ఇక్కడ రచయితగా ఖర్చుపెట్టాడనిపిస్తుంది.

ఎలిజబెత్ గురించిన పేజీలే చాలామంది ఈ పుస్తకం కొనడానికి కారణం కావచ్చు, అవి నిరాశపరచవు. ఆమె అందాన్ని, హాస్యాన్ని, మొండితనాన్ని పొగిడినప్పుడు ఆ వాక్యాలు పరుగెత్తుతాయి. మర్నాటి పేజీలోనే ముందు రాత్రి ఎలా తిట్టుకున్నారో ఉంటుంది. ఆమె ఈ డైరీని చదివేదనీ, అప్పుడప్పుడు తానే కొన్ని మాటలు చేర్చేదనీ గుర్తుంచుకుని చదవాలి. పక్కగదిలో ఉన్న మనిషి చదువుతుందని తెలిసి రాసుకున్న డైరీ ఎంతవరకు ఆంతరంగికం? కొన్ని పొగడ్తలు ఆమె కంట పడాలనే రాసినట్లు తోస్తాయి. కొన్ని ఫిర్యాదులు కూడా.

వజ్రం కొన్న సంగతి ఇందులో అన్నింటికన్నా కథలా సాగుతుంది. 1969 అక్టోబరులో న్యూయార్క్‌లో 69.42 క్యారెట్ల వజ్రం వేలానికి వచ్చింది. బర్టన్ మనుషులు పది లక్షల డాలర్ల దగ్గర ఆగిపోతే, నగల సంస్థ కార్టియే 10,50,000 డాలర్లకు దాన్ని పాడుకుంది. ఆ వార్త విని ఇంగ్లండ్‌లో ఒక పల్లెటూరి హోటల్లో ఉన్న బర్టన్ మండిపడి, ఫోను పట్టుకుని, మర్నాటికల్లా 11 లక్షల డాలర్లకు దాన్ని తిరిగి కొనిపించాడు. గనికార్మికుడి కొడుకు ఆ పట్టుదలను తానే కొంచెం దూరంగా నిలబడి చూసి నవ్వుకుంటాడు, సిగ్గుపడతాడు, అయినా గర్వం దాచుకోలేడు. అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఇచ్చిన డబ్బు లెక్కలు కూడా ఇదే డైరీలో ఉన్నాయి కనుక, ఆ గర్వాన్ని ఉత్త డాబు అని తోసిపారేయలేం. మరో రెండున్నరేళ్లకు, 1972 ఫిబ్రవరిలో, ఆమె నలభయ్యో పుట్టినరోజుకు బుడాపెస్ట్‌లో ఆయన ఇచ్చింది నూర్జహాన్ పేరు చెక్కిన హృదయాకారపు వజ్రం. దాన్ని తాజ్‌మహల్ వజ్రం అంటారు. ఆ వేడుక జరిగిన మరుసటి నెలతో డైరీ ఆగిపోతుంది. పెళ్లి 1974లో విడాకులతో ముగిసింది. మనకు ఏ వివరమూ దొరకని రెండో పెద్ద ఖాళీ ఇదే.

ఇక తోటి నటుల మీద విసుర్లు. 1970లో టెలివిజన్‌లో లూసిల్ బాల్ కార్యక్రమంలో ఆ వజ్రపుటుంగరంతోనే భార్యాభర్తలిద్దరూ నటించారు. ఆ చిత్రీకరణ రోజుల్లో బాల్ గురించి ఆయన రాసుకున్న మాటలు దారుణంగా ఉంటాయి. చదువుతూ నవ్వు వస్తుంది, ఆ వెంటనే ఇబ్బంది కలుగుతుంది. ఆమె వైపు కథ ఈ పుస్తకంలో లేదు. అలసిపోయిన మనిషి రాత్రిపూట కక్కుకున్న కోపాన్ని నలభై ఏళ్ల తర్వాత తీర్పుగా చదవడం న్యాయం కాదు. పత్రికలు పుస్తకం వెలువడినప్పుడు ఇలాంటి తునకలనే ఏరి ప్రచురించాయి. పూర్తి పాఠంలో వాటి వాటా తక్కువ, తన మీద తాను వేసుకున్న దెబ్బలతో పోలిస్తే ఇంకా తక్కువ.

ఆ దెబ్బల్లో ముఖ్యమైనది తాగుడు. 1970లో కొంతకాలం మానేసినప్పుడు రాసిన పేజీలు ఎంతో తేటగా ఉంటాయి. పార్టీలో అందరూ తాగుతుండగా తానొక్కడూ మెలకువగా కూర్చుని వారి మాటలు వినడం, తాను కూడా ఇంతకాలం ఇలాగే వాగానా అని చిన్నబోవడం వాటిలో ఉన్నాయి. 1975కు వచ్చేసరికి కొన్ని తేదీల కింద ఒకే ఒక్క మాట కనిపిస్తుంది: మందు. మరునాడు అదే మాట, ఆ మరునాడు కూడా అదే. టేలర్‌ను ఆ అక్టోబరులో బోట్స్వానాలో రెండోసారి పెళ్లాడిన ఏడాది అది. ఏడు వందల పేజీల్లో నన్ను ఎక్కువ కలవరపెట్టిన చోటు ఇదే. మాటల మీద అంత పట్టున్నవాడు మాటలు వదిలేసిన రోజులవి.

సంపాదకత్వం గురించి చెప్పవలసింది కొంత ఉంది. ఫుట్‌నోట్లు పేజీ అడుగునే ఉండడం పెద్ద సౌకర్యం. వెల్ష్ మాటలకు అర్థాలు, వచ్చిపోయే వందలాది మనుషుల పరిచయాలు అక్కడికక్కడే దొరుకుతాయి. కొన్ని పేజీల్లో మాత్రం అవి మూలపాఠంతో పోటీపడి కంటిని లాగేస్తాయి. ఒక సినిమా పేరు తగిలినప్పుడల్లా దాని దర్శకుడు, సంవత్సరం తెలుసుకోవలసిన అవసరం చదువరికి ఉండదు. చరిత్రకారుడి క్రమశిక్షణ అలాంటిదని సరిపెట్టుకున్నాను. నా అసలు ఫిర్యాదు నిడివి మీద. 1966 నుంచి 1971 వరకు భోజనాలు, ప్రయాణాలు, జలుబులు, హోటల్ గదులు తిరిగి తిరిగి వస్తాయి. ఎంపిక చేసిన చిన్న సంపుటం ఒకటి వేరుగా ఉంటే ఎక్కువమంది చదివేవారు. అయితే ఆ విసుగు కూడా ఆయన బతుకులో భాగమే కనుక, కోస్తే ఏది పోతుందో చెప్పడం కష్టం.

1980 నాటి పేజీలు 'కామెలాట్' నాటకాన్ని తిరిగి ఆడుతూ ఊరూరా తిరిగిన రోజులవి, 1983 నాటివి టేలర్‌తో కలిసి 'ప్రైవేట్ లైవ్స్' నాటకానికి సిద్ధమవుతున్న రోజులవి. రెండూ చిన్నవే. వయసు, ఒంటి నొప్పులు, ఇద్దరు మాజీ దంపతులు మాజీ దంపతుల పాత్రలు వేయడంలోని వెటకారం వీటిలో కనిపిస్తాయి. ఆ ఏడాది జూలైలో ఆయన శాలీని పెళ్లిచేసుకున్నాడు, మరుసటి ఏడాది ఆగస్టు 5న యాభై ఎనిమిదేళ్ల వయసులో చనిపోయాడు. సెలిన్యీలో ఎర్రటి సూట్ తొడిగి, డిలన్ థామస్ కవితల పుస్తకంతోపాటు ఆయన్ని ఖననం చేశారు.

పుస్తకం మొత్తం చదివే తీరిక లేనివారు మొదట పీఠిక, తర్వాత 1969 శరదృతువు, ఆ తర్వాత 1970లో తాగుడు మానిన నెలలు చదివి, 1975 దగ్గరికి వెళితే చాలు. కుర్రవాడి డైరీని మాత్రం చిట్టచివర, మిగతాదంతా అయ్యాక చదవమంటాను. నేను వరుసక్రమంలో చదివి, మళ్లీ వెనక్కి వెళ్లి దాన్ని తెరిచాను; రెండోసారి ఆ పొడి వాక్యాల మీద గడిపిన సమయమే ఎక్కువ.