సెకండ్ హ్యాండ్ ఎయిర్ పిస్టల్ కొంటున్నారా? ముందు సిలిండర్ మీది స్టిక్కర్ గీకండి

రాత్రి పన్నెండవుతోంది, కోపంతో నిద్ర పట్టక రాస్తున్నా. పోటీల్లో వాడే పాత ఎయిర్ పిస్టళ్లు అమ్ముతూ "అన్నా, మనదంతా ఒకటే షూటింగ్ ఫ్యామిలీ" అంటూ సిటీలో ప్రతి గ్రూపులోనూ కనిపించే ఆయన మీకు తెలిసే ఉంటాడు. పేరు రాయను. ఆ ఫ్యామిలీలో నేనూ మొన్న చేరాను, ఎనభై అయిదు వేలు చదివించి మరీ.

మా పాప తొమ్మిదో తరగతి. హాంగ్జౌ ఆసియా క్రీడల్లో మన షూటర్ ఈషా సింగ్ పతకాలు తెచ్చినప్పటి నుంచి పిస్టల్ పిచ్చి పట్టుకుంది. కొత్తది అడిగితే లక్షన్నర పైనే చెప్పారు. మేడ మీద వరండా సరిగ్గా పది మీటర్లు వస్తుంది, ఇంట్లోనే ప్రాక్టీసు చేసుకుంటుందిలే అని సెకండ్ హ్యాండ్‌కు దిగాను. 4.5 మిల్లీమీటర్ల బోరు (గొట్టం రంధ్రం), 20 జౌళ్ల లోపు శక్తి కాబట్టి లైసెన్సు గొడవ కూడా లేదు.

ఇక్కడ మా బావమరిది సలహా ఒకటి చెప్పాలి. టెక్సాస్‌లో ఉంటాడు, గ్యారేజీలో రీలోడింగ్ ప్రెస్సు పెట్టుకుని తన తూటాలు తనే నింపుకుంటాడు. (ఇక్కడ లైసెన్సు లేకుండా ఆ పని చేస్తే ఆయుధాల చట్టం కింద లోపలేస్తారు, అది వేరే సంగతి.) తన ప్రెస్సు ఎవరో ముసలాయన దగ్గర పాతది కొన్నాడట. "ఇనుమే కదా బావా, ముప్పై ఏళ్లయినా ఏమీ కాదు, పాతదే తీసుకో" అన్నాడు. ప్రెస్సుకైతే నిజమే, అదో మీట, ఓ దిమ్మ. ఆ మాటే నేను పిస్టల్‌కు బిగించే, 200 బార్ పీడనంతో గాలి నింపే సిలిండర్‌కు కూడా అన్వయించుకున్నాను. కారు టైరులో ఉండే పీడనానికి తొంభై రెట్లు. తెలివంటే నాదే.

వాళ్లింటికి వెళ్తే మర్యాదలకేం తక్కువ లేదు. చాయ్, ఉస్మానియా బిస్కెట్లు. "మీ పాప మా పాప లెక్కనే అన్నా" అన్నాడు. జర్మనీ పిస్టల్, రెండు సిలిండర్లు, ఓ డబ్బా పెల్లెట్లు (చిన్న గుళ్లు). సిలిండర్లు ఎప్పటివి అని నేను అడగకపోలేదు. "2019వి అన్నా, ఇంకా మస్తు లైఫ్ ఉంది" అన్నాడు. రెండింటి మీదా జాతీయ జెండా స్టిక్కర్లు చక్కగా చుట్టి ఉన్నాయి. దేశభక్తి అనుకున్నా. పాప అయిదు షాట్లు కొట్టింది, మూడు నడిమధ్య పది పాయింట్ల గడిలో పడ్డాయి. దాని మొహం చూసి అక్కడే ఫోన్ తీసి డబ్బు కొట్టేశాను. బర్రెను నీళ్లలో ఉంచి బేరమాడితే ఇంతే.

ఆదివారం రేంజికి తీసుకెళ్లాం. కోచ్ గారు పిస్టల్ చూసి బాగుందన్నారు. ట్రిగ్గరు మరీ తేలిగ్గా లేదు కదా అని 500 గ్రాముల బరువు కట్టి చూశారు, పాసైంది. తర్వాత సిలిండర్ విప్పి చేతిలో తిప్పుతూ "డేట్ ఏదీ?" అన్నారు. బొటనవేలి గోరుతో జెండా అంచు లేపి మెల్లగా ఒలిచారు. కింద చెక్కి ఉంది: 2012. రెండోదీ ఒలిచారు. అదీ 2012. పదేళ్లు దాటిన సిలిండర్ మ్యాచ్‌లో పనికిరాదని, ఇంట్లో కూడా నింపవద్దని చెప్పారు. పాప ఏమీ అనలేదు, పెల్లెట్ల డబ్బా మూత పెట్టేసింది. అది ఏడ్చినా బాగుండేది.

అక్కడి నుంచే ఫోన్ చేశాను. 2019 అన్నారు కదా అంటే ఆ మనిషి ఏమన్నాడో ఉన్నదున్నట్టు రాస్తున్నా: "అన్నా, మీరు గన్ను కొన్నరా, సిలిండర్ కొన్నరా? గన్ను మంచిగ కొడుతుందా లేదా? మరి గింత దానికి పంచాయితీ ఏంది?" స్టిక్కర్ ఎందుకు వేశారు అన్నాను. నవ్వాడు. నిజంగా నవ్వాడు! "గీతలు వడ్డయని ఏసిన. మీరు చూస్కోవాలె గదా, చదువుకున్నోళ్లు" అన్నాడు. డబ్బు పోయినందుకు కాదు, ఆ 'చదువుకున్నోళ్లు' అన్నమాట ఇప్పటికీ చెవిలో గింగురుమంటోంది. ఎందుకంటే అది నిజం. చాయ్ తాగుతూ ఆ స్టిక్కర్‌ను అరగంట సేపు చూశాను నేను.

సాయంత్రానికి గ్రూపులోంచి నన్ను తీసేశారు. అడ్మిన్ ఎవరో చెప్పనక్కర్లేదనుకుంటా. కొత్త సిలిండర్ తెప్పించాలంటే ముప్పై వేల పైనే అంటున్నారు, అదీ ఎప్పుడొస్తుందో తెలియదు. అప్పటిదాకా పాప వరండాలో గాలి లేని పిస్టల్‌తో డ్రై ప్రాక్టీసు చేస్తోంది. టక్, టక్ అని వినిపించినప్పుడల్లా మా ఆవిడ నా వైపు చూస్తోంది.

కొనేవాళ్లు మాత్రం సిలిండర్ విప్పించి తయారీ తేదీ ఫోటో తీసుకోండి, ఉన్న సిలిండర్లన్నిటికీ. పిస్టల్ సీరియల్ నంబరు, సిలిండర్ తేదీ చీటీ మీద రాయించి సంతకం పెట్టించుకోండి. కోచ్ చూసేదాకా పూర్తి డబ్బు ఇవ్వకండి. స్టిక్కర్ జెండాదైనా దేవుడిదైనా గీకేయండి, అమ్మేవాడు నొచ్చుకుంటే లేచి వచ్చేయండి. చాయ్ మీ ఇష్టం.